శబరిమల ట్రిప్పులు కొట్టిన ట్రావెలర్‌ని క్యాంపర్‌గా మార్చుకున్నాం

క్యాంపర్ వాన్, అంటే లోపలే పడుకుని, వండుకుని తిరిగేలా మార్చిన బండి, వీడియోలు చూసి ఇలాంటి పనికి దిగుదాం అనుకునేవాళ్ళకి ముందే ఒక మాట. ఆ వీడియోలు తీసేవాళ్ళలో చాలామంది కెనడాలోనో నార్వేలోనో ఉంటారు, వాళ్ళ బాధంతా చలి గురించి. గోడల నిండా ఉన్ని కూరతారు, డీజిల్ హీటర్ పెడతారు, ఉన్న కిటికీలు కూడా మూసేస్తారు. విజయవాడలో మే నెలలో అలాంటి డబ్బాలో పడుకుంటే తెల్లారేసరికి ఇడ్లీ పాత్రలో ఇడ్లీల్లా ఉడికిపోతాం. మనకి ముందు ఎండ, తర్వాత ఉక్క, తర్వాత దోమ, దాని వెనకాలే దుమ్ము. బండి రంగు దగ్గర్నుంచి బ్యాటరీ పెట్టిన చోటు దాకా మేము చేసినదంతా ఈ నాలుగింటి గురించే.

బండి 2012 మోడల్ ఫోర్స్ ట్రావెలర్, పన్నెండు సీట్లది, 3350 వీల్‌బేస్. ఆ అంకె ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య మిల్లీమీటర్లలో దూరం, అంటే పదకొండడుగులు. జనం ఇప్పటికీ టెంపో ట్రావెలర్ అనే అంటారు, 1987లో ఇది వచ్చినప్పుడు కంపెనీ పేరు బజాజ్ టెంపో కాబట్టి. ఫోర్స్ మోటార్స్ అని 2005లో మారింది. డిజైన్ అప్పటి మెర్సిడెస్ టీ1 వాన్‌ది. పాత డిజైన్ అని కొందరు ముక్కు విరుస్తారు గానీ నాకు నచ్చింది అదే, ఏ మండల కేంద్రంలో ఆగిపోయినా పానాలతో విప్పి సరిచేసే మెకానిక్ దొరుకుతాడు. పైగా లోపల నిలబడొచ్చు. ఓమ్నీ కూడా చూశాం, చవక, కానీ అందులో ప్యాంటు వేసుకోవాలంటే కూడా పడుకునే వేసుకోవాలి.

మాకు అమ్మినాయన ట్రావెల్స్ నడుపుతాడు. తిరుపతి, షిరిడీ, సీజన్‌లో శబరిమల. 4 లక్షల 20 వేలకి బేరం కుదిరింది. ఇంజన్ చూసిన మెకానిక్ బాగుందన్నాడు గానీ నేను ఎక్కువ సేపు గడిపింది బండి కిందే, అట్ట పరుచుకుని పడుకుని టార్చి వేసి, స్క్రూడ్రైవర్ మొనతో అడుగు భాగమంతా పొడుచుకుంటూ వెళ్ళాను. ఇంజన్ పని ఎక్కడైనా అవుతుంది, తుప్పు పట్టిన చాసిస్ మీద మాత్రం ఏమి కట్టినా దండగ. కోస్తా బండి కదా, మెట్టు దగ్గర, వెనక చక్రాల పైన తుప్పు ఉంది, చాసిస్ శుభ్రంగా ఉంది. మెట్టు, వీల్ ఆర్చిలు రేకు కోసి కొత్తది అతికిస్తే సరిపోయింది.

ఇక కాగితాలు. ఈ ముక్క కొంచెం ఓపిగ్గా చదవండి, ఎందుకంటే వీడియోల్లో దీని గురించి ఒక్కరూ చెప్పరు. మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ఉంది. సి బుక్‌లో రాసిన వివరాలు కంపెనీ మొదట ఇచ్చిన వాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు అంటుంది అది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. పన్నెండు సీట్ల బండిలో సీట్లు పీకేస్తే సీట్ల సంఖ్యే తేడా వచ్చేసినట్టు. కాబట్టి ఒక్క బోల్టు విప్పకముందే రవాణా శాఖ ఆఫీసుకి వెళ్ళాం. మాది ఎల్లో బోర్డు బండి. ముందు ఫైనాన్సు తీరినట్టు ఫారం 35, పేరు మార్పుకి 29, 30, పర్మిట్ సరెండర్, మూడు నెలలకోసారి కట్టే ట్యాక్స్ బకాయి లేదని చూపించడం, పెండింగ్ ఈ చలాన్లు. చలాన్లు అన్నీ పాత ఓనరువే, బేరం అప్పుడే అవి ఆయనే కట్టాలని రాయించుకున్నాం కాబట్టి గొడవ రాలేదు. తర్వాత ట్రాన్స్‌పోర్ట్ నుంచి ప్రైవేటుకి మార్పు, సీట్లు తగ్గించడానికి అనుమతి.

కౌంటర్‌లో ఉన్నాయనకి క్యాంపర్ అంటే ఏంటో చెప్పడానికే సగం పూట పట్టింది. "అంటే వ్యానిటీ వానా? సినిమా వాళ్ళదా?" అన్నాడు. కాదండీ సొంతానికి, మేమే తిరగడానికి అంటే "మరి కారు కొనుక్కోవచ్చుగా" అన్నాడు. పాపం నిజమే. సొంత వాడకపు క్యాంపర్ వాన్‌ని నాన్ ట్రాన్స్‌పోర్ట్ బండిగా లెక్కేసిన కేంద్ర నోటిఫికేషన్ 2004 నుంచీ ఉంది, దాని కాపీ ప్రింటు తీసుకెళ్ళి పెడితే గానీ ఫైలు కదల్లేదు. అయినా చివరికి మా సి బుక్‌లో పడింది ప్రైవేటు వాడకం, డ్రైవర్‌తో కలిపి ఐదు సీట్లు అని మాత్రమే. నాకు అది చాలు. అద్దెకి తిప్పే కారవాన్ చెయ్యాలంటే దారి వేరు, దానికి ఏఐఎస్-124 అనే ప్రమాణం, టెస్టింగ్ ఏజెన్సీ సర్టిఫికెట్ ఉండాలి, ఇంట్లో కూర్చుని తేల్చే పని కాదు. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ బండి చూడటానికి వచ్చినప్పుడు ఆయన చూసినవి రెండే. బాడీ స్తంభాలు ఏమైనా కోశామా, మిగిలిన సీట్లకి బెల్టులు ఉన్నాయా. స్తంభాలు ముట్టుకోలేదు. ఫర్నిచర్ మొత్తం పాత సీట్ల బోల్టు రంధ్రాలకే బిగించాం, కావాలంటే ఒక రోజులో ఊడదీయొచ్చు. ఇన్సూరెన్స్ వాళ్ళకి కూడా మార్పులు రాతపూర్వకంగా చెప్పండి. చెప్పకపోతే రేపు క్లెయిమ్ వేసినప్పుడు అదే పట్టుకుంటారు.

సీట్లు విప్పిన రోజు మాత్రం భలే సరదా. సీట్ల కింద పట్టాల్లో కొబ్బరి పీచు, విభూతి పొట్లాలు, రాయిలా గట్టిపడ్డ లడ్డూ ముక్క, రూపాయి బిళ్ళలు, ఒక చిన్నపిల్లల వెండి మువ్వ. మువ్వ పాత ఓనరుకి ఇచ్చేశాం. నేల మీద రెగ్జిన్ ఎత్తితే కింద ప్లైవుడ్ నల్లగా కుళ్ళిపోయి ఉంది, పన్నెండేళ్ళ వాంతులు, సాంబారు, వాన నీళ్ళు కలిసిన వాసన. అది పీకేసి, రేకు రుద్ది, రెడాక్సైడ్ కొట్టి, పైన రబ్బరు కోటింగ్ వేస్తే గానీ పోలేదు.

పనంతా ఆటోనగర్‌లోనే. విజయవాడ ఆటోనగర్ తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, తెలియనివాళ్ళకి ఎంత చెప్పినా తక్కువే. లారీ బాడీ కట్టేవాళ్ళు ఒక వీధి, టింకరింగ్ ఒక వీధి, కమాన్ కట్టలు ఒక చోట, సీట్లు కుట్టేవాళ్ళు ఇంకో చోట. మాకు కుదిరిన మేస్త్రి పెద్దాయన, బస్సు బాడీలు కట్టిన చెయ్యి, అందరూ భాయ్ అనే పిలుస్తారు. నేను ఫోన్లో బొమ్మలు చూపిస్తుంటే అన్నీ చూసి, "ఇదంతా బానే ఉంది సార్, గాలి ఎట్నుంచి వచ్చి ఎట్నుంచి పోతుందో ముందు అది చెప్పండి" అన్నాడు. నా డిజైన్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

వేడి సంగతి ఆయన దగ్గరే మొదలైంది. బండి పైకప్పు మెరూన్ రంగులో ఉండేది. మధ్యాహ్నం రెండింటికి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ పెట్టి చూస్తే రేకు 68 డిగ్రీలు. పక్కనే ఉన్న తెల్ల వాన్ పైకప్పు అదే ఎండలో 50 దగ్గర ఉంది. ఇన్సులేషన్‌కి పైసా ఖర్చు పెట్టకముందే రంగు మారిస్తే అంత తేడా. పైనంతా తెలుపు కొట్టించాం, దాన్ని కూడా సి బుక్‌లో ఎక్కించుకోవాలి, మర్చిపోకండి. దాని మీద రెండు 200 వాట్ల సోలార్ ప్యానెళ్ళు, రేకుకి అంటకుండా మూడంగుళాలు ఎత్తులో. ప్యానెల్ కింద గాలి ఆడితే ప్యానెల్ కూడా చల్లగా ఉండి కరెంటు బాగా ఇస్తుంది, దాని నీడ పడి రేకూ కాలదు. పెంకుటింటి మీద తాటాకు పందిరి వేసినట్టే అంటాడు భాయ్.

లోపల రేకుకి పావు అంగుళం జాగా కూడా వదలకుండా నైట్రైల్ ఫోమ్ అతికించాం, ఏసీ డక్టులకి చుట్టే నల్ల ఫోమ్ అదే. గాజు ఉన్ని పెట్టొద్దని గట్టిగా అనుకున్నాను, కోస్తా గాలిలో తేమకి అది తడిసి లోపల్లోపలే రేకుని తినేస్తుంది. దాని మీద పలుచటి ఏసీపీ షీటు, అంటే ప్లాస్టిక్‌కి రెండు వైపులా అల్యూమినియం రేకు అతికించిన పలక. చెక్క పలకలు వేస్తే అందంగా ఉంటుందని మా అబ్బాయి గోల, బరువు, చెద, తేమ మూడూ చెప్పి నోరు మూయించాను.

ప్యాసింజర్ బండికి చుట్టూ కిటికీలే. సరుకుల వాన్ కొనుక్కోవాల్సింది అని చాలామంది అన్నారు. కిటికీల్లోంచి ఎండ వస్తుంది, నిజమే, కానీ రాత్రి రెండు వైపులా అద్దాలు జరిపితే గాలి ఆడేది కూడా వాటిలోంచే. అందుకని ఒక్కటీ మూయలేదు. నల్ల ఫిల్ము అతికించడం 2012లో సుప్రీంకోర్టు వద్దన్నాక ఆ ఆలోచనే పెట్టుకోలేదు. ఒక్కో అద్దం కొలతకి ఫోమ్ పలక కోసి, బయటి వైపు వెండి రేకు, లోపలి వైపు గుడ్డ కుట్టించి, అంచుల్లో అయస్కాంతాలు పెట్టాం. బండి ఆపినప్పుడు టపటపా అంటుకుంటాయి, బయల్దేరేటప్పుడు తీసి పరుపు కింద దోపుతాం. దోమ తెరలు ఇళ్ళ కిటికీలకి పెట్టే వెల్క్రో రకమే. పైకప్పులో ఒక ఫ్యాను, లోపలి వేడి గాలిని బయటకి లాగేది. దానికి బదులుగా చల్లగాలి రావడానికి మంచం కింద, నేలలో, జల్లెడ లాంటి మెష్ పెట్టిన కంత. పైన లాగే ఫ్యాను ఒక్కటే పెట్టి కింద కంత పెట్టకపోతే అది ఊరికే తిరుగుతుంది. దుమ్ము రోడ్డు మీద వెళ్ళేటప్పుడు ఆ కంతకి రబ్బరు మూత.

ఏసీ ఎందుకు పెట్టలేదని అందరూ అడుగుతారు. బండికి ఉన్న పాత ఏసీ ఇంజన్ తిరిగితేనే నడుస్తుంది, దాన్ని అలాగే ఉంచాం, రోడ్డు మీద ఉన్నంతసేపు చాలు. రాత్రంతా బ్యాటరీ మీద ఏసీ అంటే లెక్క కుదరదు. మా లిథియం బ్యాటరీ 12.8 వోల్టులు, 200 ఆంపియర్ అవర్, అంటే రెండున్నర యూనిట్లు. చిన్న ఇన్వర్టర్ ఏసీ గంటకి ముప్పావు యూనిట్ తిన్నా మూడు గంటల్లో ఖాళీ. మూడో గంట తర్వాత ఏం చేస్తాం? అందుకని మా పద్ధతి వేరు. ఎండాకాలం అరకు వైపు, సుమారు తొమ్మిది వందల మీటర్ల ఎత్తు కాబట్టి కింద మైదానం కన్నా ఐదారు డిగ్రీలు తక్కువ ఉంటుంది. సముద్రం ఒడ్డు, కృష్ణ ఒడ్డు అంతా చలికాలం. రెండు పన్నెండు వోల్టుల ఫ్యాన్లు, పైన ఫ్యాను, అంతే. లంబసింగిలో డిసెంబరు రాత్రి మాత్రం రెండు రగ్గులు కప్పుకున్నా వణికాం, ఆ ఒక్క రాత్రి నార్వే వాళ్ళు గుర్తొచ్చారు.

కరెంటు పని ఇంటి ఎలక్ట్రీషియన్‌కి ఇవ్వకండి. చాలా మంచి పనివాడే అయినా పన్నెండు వోల్టుల లెక్క వేరు. అదే వాట్లకి ఇంట్లో కరెంటుతో పోలిస్తే ఇక్కడ పంతొమ్మిది రెట్లు ఆంపియర్లు పారతాయి. వెయ్యి వాట్ల ఇన్వర్టర్‌కి బ్యాటరీ నుంచి తొంభై ఆంపియర్ల పైనే. మొదట వచ్చినతను ఏసీకి వేసే వైరు వేస్తానన్నాడు, అది వేస్తే పొగే. ట్రాక్టర్, లారీ వైరింగు చేసే అతను 35 స్క్వేర్ ఎం.ఎం. రాగి కేబుల్ తెచ్చి, లగ్గులు నొక్కి బిగించి, బ్యాటరీకి జానెడు దూరంలోనే ఫ్యూజు పెట్టాడు. డైనమో నుంచి బ్యాటరీకి మధ్య డీసీ టు డీసీ చార్జర్, డైనమో కరెంటుని అదుపులో పెట్టి బ్యాటరీకి ఎక్కించేది, అది లేకుండా లిథియంని నేరుగా కలిపితే డైనమో మాడిపోయే ప్రమాదం ఉంది. బ్యాటరీని ఇంజన్ దగ్గరా ఎండ తగిలే గోడకీ కాకుండా మంచం కింద, ఆ గాలి కంత పక్కనే పెట్టాం. చలి దేశాల వాళ్ళు సున్నా డిగ్రీల కింద చార్జ్ చేస్తే లిథియం పాడవుతుందని హీటింగ్ ప్యాడ్లు చుడతారు. మనం దాన్ని వేడి నుంచి కాపాడుకోవాలి.

బరువు గురించి నాకూ వడ్రంగికీ రోజూ వాదనే. ఇళ్ళ కప్‌బోర్డులు చేసిన అలవాటు, అన్నిటికీ 18 ఎం.ఎం. ప్లై కావాలంటాడు, పైన సన్‌మైకా. ఎనిమిది నాలుగుల 18 ఎం.ఎం. షీటు ఒక్కటే ముప్పై ఐదు కిలోల పైన ఉంటుంది, 9 ఎం.ఎం. అందులో సగం. చట్రం అల్యూమినియం పైపుతో చేయించి 9 ఎం.ఎం. పలకలు వేయించాను. ప్రతి దశలో రైసు మిల్లు పక్కన వే బ్రిడ్జి ఎక్కించి చూసుకున్నాం, ముందు చక్రాలు విడిగా, వెనక చక్రాలు విడిగా. అన్నీ నింపాక కూడా సి బుక్‌లో ఉన్న మొత్తం బరువుకి నాలుగొందల కిలోలు తక్కువే ఉంది. వంద లీటర్ల నీళ్ళ ట్యాంకు అంటే వంద కిలోలు, దాన్ని వెనక చివర కాకుండా రెండు ఇరుసుల మధ్య, బ్యాటరీకి ఎదురు వైపు పెట్టాం. ఘాట్ రోడ్డు మలుపుల్లో ఇలాంటివి తెలుస్తాయి.

మంచం గురించి పెద్దగా చెప్పడానికేం లేదు, రెండు బెంచీలు లాగితే మంచం, సీట్లు కుట్టే అతనే పరుపు కూడా కుట్టాడు.

వంటగది దగ్గర మాత్రం మా ఆవిడ మాటే చెల్లింది. వీడియోల్లో వంటగది బండి లోపల, తలుపు పక్కన ఉంటుంది. వాళ్ళు పాస్తా ఉడకబెట్టుకుంటారు, గుడ్డు కొట్టుకుంటారు, సరిపోతుంది. "లోపల ఎండుమిరపకాయలతో పోపు పెడితే ఎవరైనా ఉండగలరా, ఆ ఘాటు పరుపులకి పడితే నెల రోజులు పోదు" అంది ఆవిడ. అందుకని వంటగది వెనక తలుపు దగ్గర, లాగితే బయటకి వచ్చే సొరుగులా పెట్టాం. రెండు బర్నర్ల పొయ్యి, ఐదు కిలోల చిన్న సిలిండరు, పప్పు కుక్కరు, దోసె పెనం, పోపుల పెట్టె దొర్లకుండా గూడు. వెనక తలుపు పైనుంచి టార్పాలిన్ పందిరి. వాన వస్తే లోపల పెరుగన్నమే. సిలిండరు అరకి లోపలి నుంచి తలుపు లేదు, బయటి నుంచే తియ్యాలి, దాని అడుగున బయటకి రంధ్రం. గ్యాసు గాలికన్నా బరువు, లీకైతే నేల మీదే పరుచుకుంటుంది, పైన కిటికీ తెరిచి ఉంది కదా అనుకుంటే లాభం లేదు. ఇండక్షన్ పెట్టుకోవచ్చుగా అంటారు, పదిహేను వందల వాట్లంటే బ్యాటరీ నుంచి నూట ముప్పై ఆంపియర్లు, పప్పు ఉడికేలోపు రాత్రి ఫ్యాన్లకి మిగలదు.

మరుగుదొడ్డి ఆవిడ రెండో షరతు. పోర్టబుల్ టాయిలెట్ ఒకటి కొన్నాం, కింద ఇరవై లీటర్ల ట్యాంకు. వాటిని టిష్యూ కాగితం వాడేవాళ్ళ కోసం చేస్తారు, మనం చెంబు వాడతాం కాబట్టి చెప్పినదానికన్నా త్వరగా నిండుతుంది. అందుకే రాత్రి అవసరానికే అది, పొద్దున పెట్రోలు బంకులే. స్నానానికి వెనక తలుపుకి తగిలించే గుడారం, బకెట్, మగ్గు. షవర్ పెట్టించలేదు. సాయంత్రం ఒక బకెట్ నీళ్ళు పోసుకుంటే మనకి ప్రాణం లేచి వస్తుంది, షవర్‌లో ఆ నీళ్ళకి తృప్తి ఉండదు.

రాత్రి ఎక్కడ ఆపుతారని అడిగితే పెద్ద బంకులు, గుళ్ళ సత్రాల పార్కింగ్, అరకులో హోమ్‌స్టే వాళ్ళ పెరడు. అడిగి, వంద రెండొందలు ఇచ్చి పడుకుంటాం. అడవుల్లో ఆపొద్దు. హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్ళే దారి టైగర్ రిజర్వ్‌లో రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా మూసే ఉంటుంది, గేటు దగ్గర చిక్కుకున్న బస్సుల మధ్యలో మేము అన్నం వండుకుని తిన్నాం గానీ అది ఏర్పాటు చేసుకున్న మజిలీ కాదు.

ఖర్చు అడుగుతారని తెలుసు. బండి కాకుండా బ్యాటరీ 68 వేలు, సోలార్, చార్జర్, వైరింగు కలిపి దాదాపు 55, పన్నెండు వోల్టుల ఫ్రిజ్ 34, పైకప్పు ఫ్యాను 27, టింకరింగు, పెయింటు 60, ప్లై, అల్యూమినియం, ఫోమ్, కూలీ కలిపి లక్షా పది, టైర్లు, కమాన్ కట్టలు, బ్రేకులు 70. అంటే బండి ధరకన్నా కొంచెం ఎక్కువే. ఇందులో తగ్గించుకోవాలంటే ఫ్రిజ్ వదిలెయ్యండి, ఐసు పెట్టె చాలు. టైర్ల దగ్గరా, ఆ ఫ్యాను దగ్గరా, కేబుల్ దగ్గరా తగ్గించకండి. వచ్చే ఏడాదితో బండికి పదిహేనేళ్ళు, రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి మళ్ళీ అదే ఆఫీసుకి వెళ్ళాలి. ఈసారి క్యాంపర్ అంటే ఏంటో ఆ కౌంటర్‌లో ఆయనకి చెప్పక్కర్లేదు, "సార్, బండి ఎలా ఉంది, ఒకసారి మా పిల్లలకి చూపిస్తారా" అని మొన్న ట్యాక్స్ పని మీద వెళ్తే ఆయనే అడిగాడు.